ఏ ‘తే’కి ఆ ‘పోతే’

ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అనడం ఆమెకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. అందుకే ఇంటిల్లిపాదీ చిటికె అని పిలిచారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. చెప్పిన పని నిజంగా చిటికెలో అయిన సందర్భాలు ఆమె జీవితంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ సోమవారం ఉదయం రంగుల కార్ఖానా ఆఫీసు గదిలో మేనేజరు ఎదురుగా నిలబడి మళ్ళీ అదే మాట అనేసింది.

"శుక్రవారానికా? చిటికెలో అయిపోతుంది సార్."

పక్కనే కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ తల పట్టుకుంది.

పట్టుకోక ఏం చేస్తుంది? పోయేది ఆవిడ కొలువే. ఆ కార్ఖానాలో నూలు చిలపలకి, అంటే దారపు చుట్టలకి, రంగులు అద్దుతారు. ముప్పై ఏళ్ళుగా రంగుల మేస్త్రి చిటికె పెద్దమ్మే. ఏ రంగు ఎలా రప్పించాలో ఆవిడ తన చేత్తో పదకొండు లావుపాటి పుస్తకాల్లో రాసిపెట్టింది. మొత్తం వెయ్యీ నూటనలభై రంగులు. వాటికి పేర్లు కూడా ఆవిడే పెట్టింది: తడి ఇటుక, పాత రాగి, పావురాయి మెడ, అలిగిన ఆకాశం. ఇన్ని గ్రాములు, ఇన్ని నిమిషాలు అని రాసి ఊరుకునే మనిషి కాదు. నీళ్ళు ఇలా ఉంటే అలా చెయ్యి, రంగు అలా తిరిగితే ఇలా చెయ్యి అని పక్కన నిలబడి చెప్పినట్టే రాస్తుంది.

అయిదు నెలల కిందట ఆరు కొత్త ఉక్కు తొట్లు దిగాయి. నీళ్ళు అవే పట్టుకుంటాయి, అవే కాచుకుంటాయి. లోపల ఒక కరెంటు కన్ను ఉంది, నీళ్ళు తేటపడ్డాయో లేదో, రంగు ఎక్కిందో లేదో అది చూసి చెబుతుంది. తొట్లతోపాటు అమ్మినవాళ్ళు తమ రెడీమేడ్ రంగులు మూడొందలు కూడా ఇచ్చారు. యజమానులకి అవి చాలనిపించింది.

మేనేజరు చెడ్డవాడు కాదు గానీ, పైవాళ్ళు తుమ్మితే ఇక్కడ జలుబు చేసే రకం. "చూడండి మేస్త్రిగారూ, నాకు మీమీద గౌరవం ఉంది. శుక్రవారం పదకొండింటికి నా ముందు తొట్టి నడిపించండి. మీ పుస్తకాలు చదవడం దానికి వస్తే పుస్తకాలూ ఉంటాయి, మీరూ ఉంటారు. రాకపోతే ఆ మూడొందలతో సర్దుకుందాం. మీకు ఘనంగా వీడ్కోలు చెబుదాం" అన్నాడు.

ఘనంగా అన్న మాట విన్నాక పెద్దమ్మ మొహం మాడిపోయింది. అరవై ఒకటి దాటిన మనిషి ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు కదా అనేవాళ్ళు ఆవిణ్ణి ఎరగనివాళ్ళు. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటేనే గోడల రంగు బాగాలేదని నాలుగుసార్లు అంటుంది, చిటికె మొగుడి చొక్కాలన్నీ దండెం మీంచి తీసి వెలుగులో పట్టి చూసి పెదవి విరుస్తుంది. ఆ చేతులకి తొట్టి కావాలి. అది చిటికెకి బాగా తెలుసు. ఎనిమిది నెలల క్రితం తన పాత కంపెనీ మూతపడితే ఇక్కడ కంప్యూటరు పని ఇప్పించింది కూడా ఆ పెద్దమ్మే.

"చిటికెలో అవుతుందని ఎలా అన్నావే? నాలుగు నెలలుగా కుస్తీ పడుతున్నావుగా?" అంది పెద్దమ్మ గది బయటికి రాగానే.

అదీ నిజమే. పెద్దమ్మ పుస్తకాలన్నీ అక్షరం పొల్లుపోకుండా కంప్యూటర్లోకి ఎక్కించడం చిటికెకి కష్టం కాలేదు. వాటిని తొట్టికి అర్థమయ్యేలా చెప్పే కంపైలరే కొరకరాని కొయ్యయింది. దాని వెనక భాగం తొట్లవాళ్ళే ఇచ్చారు. ఏం చెయ్యాలో విడమరిచి చెబితే కుళాయిలు తిప్పడం, వేడి పెంచడం అది చూసుకుంటుంది. కావలసిందల్లా ముందు భాగం. పెద్దమ్మ రాసింది చదవాలి, మాటల్ని విడదీయాలి, ఏ మాట ఏ మాటకి చెందుతుందో తేల్చాలి. చిటికె దాన్ని చేత్తోనే రాయడం మొదలుపెట్టింది. తొమ్మిదివేల వరసలయ్యాయి. పెద్దమ్మ కొత్త మాట ఒకటి వాడినప్పుడల్లా ఒకచోట కుడితే రెండుచోట్ల చిరిగింది.

"ఆ తొమ్మిదివేలూ అవతల పారేశాను పెద్దమ్మా."

పెద్దమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "పారేశావా?"

"ఇక చేత్తో రాయను. వ్యాకరణం రాస్తాను, అంతే. నీ పుస్తకంలో వాక్యం అంటే ఎలా ఉంటుందో సూత్రాలు రాసిస్తే, చదివే ప్రోగ్రాముని దానంతట అదే తయారుచేసి పెట్టే సాధనం ఒకటుంది. పోయిన వారమే పట్టుకున్నాను."

"వ్యాకరణమా? సంధులూ సమాసాలూ నాకు బళ్ళోనే తలకెక్కలేదు."

"అవేం అక్కర్లేదు. నువ్వు ఎలా రాస్తావో అది చెప్పు చాలు."

తొట్ల పక్కన చిన్న గదిలో కూర్చున్నారు ఇద్దరూ. బల్ల మీద కంప్యూటరు, గోడకి రంగు నమూనాల దారాలు, కిటికీలోంచి చాకలిసోడా కలిసిన రంగునీళ్ళ వాసన. చిటికె అడిగింది, పెద్దమ్మ చెప్పింది. రంగు వంటకం అంటే ఏమిటి? పేరు, ఆ తర్వాత పనులు. పని అంటే? ఒక వస్తువు, ఒక కొలత, చివర ఒక క్రియ: ‘ఉప్పు రెండు కిలోలు వెయ్యి’. షరతు అంటే? ‘మరిగితే’, ‘ఎక్కితే’, ఆ వెనక ఒక పని. ఆ పని స్థానంలో ఇంకో షరతు కూడా రావచ్చు. అలా అల్లుకుపోతూ రెండు గంటల్లో మొత్తం పెద్దమ్మ భాష పేజీన్నరలో కూర్చుంది. ముప్పై ఏళ్ళ పనితనం పేజీన్నర!

మీట నొక్కింది. నాలుగు సెకన్లు. తెరమీద మూడువేల ఆరొందల వరసలు జలజలా రాలాయి. ఒక్క వరస కూడా ఆమె రాసింది కాదు.

"అయిపోయిందా?" అంది పెద్దమ్మ నమ్మకం లేకుండా.

"చూద్దాం." చిటికె మొదటి పుస్తకం దానిముందు పెట్టింది. గడగడా చదువుకుంటూ వెళ్ళి ముప్పైరెండో పేజీలో ఆగిపోయింది. అక్కడ పెద్దమ్మ ‘సోడా చూసి చూసి వెయ్యి’ అని రాసింది. ‘చూసి చూసి’ అన్నది వ్యాకరణంలో లేదు. పాత పద్ధతిలో అయితే దానికి రెండు రోజుల పని. చిటికె ఒక్క సూత్రం కలిపింది, మీట నొక్కింది. నాలుగు సెకన్లు. ముప్పైరెండో పేజీ దాటింది, నలభై దాటింది, పుస్తకం అయిపోయింది.

చిటికె కుర్చీలోంచి లేచి ఎగిరింది. నిజంగానే ఎగిరింది. కుర్చీ వెనక్కి పడింది. పెద్దమ్మ కంగారుపడి, "మెల్లగానే, నడుం పట్టుకుంటుంది" అంది గానీ ఆవిడ కళ్ళు కూడా తెరమీదే ఉన్నాయి. "ఇంకో పుస్తకం పెట్టు" అంది.

మంగళవారం సాయంత్రానికి పదకొండు పుస్తకాలూ అయిపోయాయి. ‘ఒక ఉడుకు రానివ్వు’కి ఒక సూత్రం, ‘కంటికి ఆనేదాకా’కి ఒక సూత్రం. ప్రతిసారీ సూత్రం రాయడం, నొక్కడం, నాలుగు సెకన్లు. ఆకలి దప్పులు తెలియలేదు ఇద్దరికీ. పెద్దమ్మ అయితే తొట్టి దగ్గర పనివాళ్ళని పిలిచి మరీ చూపించింది. "వ్యాకరణం మాదే, ప్రోగ్రాము దానంతట అదే రాసుకుంటుంది" అని తానే కనిపెట్టినట్టు చెప్పుకుంది.

ఒక్క విషయం మాత్రం చిటికె పెద్దమ్మకి చెప్పలేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఆ సాధనం అడుగున ఒక వరస రాస్తూనే ఉంది: ‘ఒకచోట ఘర్షణ. రెండు దారులు కనిపిస్తున్నాయి. దగ్గరి దారి పట్టాను.’ దగ్గరి దారే కదా, మంచిదే అనుకుంది చిటికె. తొందర మనిషికి దగ్గరి దారి మీద అనుమానం ఎందుకొస్తుంది?

బుధవారం మధ్యాహ్నం తొట్టిలో మొదటిసారి నిజమైన నూలు వేశారు. తడి ఇటుక. పెద్దమ్మకి కళ్ళుమూసుకున్నా వచ్చే రంగు. తొట్టి నీళ్ళు పట్టింది, కాచింది, రంగు పోసుకుంది, ఏదో ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగింది, ఆ తర్వాత కడిగేసి మూత తెరిచింది. మేనేజరు కూడా చూద్దామని వచ్చాడు.

చిలప బయటికి తీసి ఆరేశారు. పదేళ్ళు ఉతికిన చొక్కా రంగు వచ్చింది.

"ఇదేనా తడి ఇటుక?" అన్నాడు మేనేజరు.

"ఇది ఎండిన ఇటుక కూడా కాదు" అంది పెద్దమ్మ.

"శుక్రవారం పదకొండు" అని మాత్రం అని ఆయన వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళే బస్సులో పెద్దమ్మ దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఆ మౌనానికి చిటికెకి ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున్న తొమ్మిది కాకముందే పెద్దమ్మ ఆ చిన్న గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుంది. "రాత్రంతా ఆలోచించాను. నేను రాసిందాంట్లో తప్పు లేదు. ఆ రంగు మూడొందలసార్లు తీశాను. అంటే నీ వ్యాకరణంలోనే ఉంది. ఏదీ, కాగితం మీద తీసి చూపించు."

"నీకు అర్థం కాదు పెద్దమ్మా, అదంతా..."

"నా భాషకి వ్యాకరణం రాసి నాకు అర్థం కాదంటావా?"

చిటికె నోరు మూసుకుని పేజీన్నరా అచ్చు తీసి ఇచ్చింది. పెద్దమ్మ వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతూ వచ్చింది. ‘బాగుంది’ అంది. ‘ఊఁ’ అంది. రెండో పేజీ పైన వేలు ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది:

కాదంటే : లేకపోతే | కాకపోతే | రాకపోతే | ఎక్కకపోతే | మరగకపోతే

"ఇదేంటే?"

"అవన్నీ ఒకటేగా. అలా జరక్కపోతే అని అర్థం. అందుకే అన్నిటినీ ఒకే పేరు కింద పెట్టాను. ఏది రాసినా ఒకటే అనుకుంటుంది."

పెద్దమ్మ కాగితం బల్లమీద పడేసింది. "ఒకే పేరు కింద పెట్టావా! ఎవరి పెళ్ళాన్ని ఎవరి పక్కన కూర్చోబెట్టావే తల్లీ!"

"అంటే?"

"తడి ఇటుకలో ఏం రాశాను? పైకి చదువు."

చిటికె చదివింది. "రంగు ఎక్కితే, నీళ్ళు తేటగా ఉంటే సోడా వెయ్యి, ఎక్కకపోతే ఉప్పు వెయ్యి."

"ఆ ఎక్కకపోతే ఎవరిది?"

"ఎక్కితేది."

"మరి నీ తొట్టి దాన్ని ఎవరికి ఇచ్చింది?"

చిటికె కాగితం మీద వేలు జరిపింది. ఎక్కకపోతేకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ‘ఉంటే’. దగ్గరి దారి. అందుకని తొట్టికి అర్థమైంది ఇదీ: రంగు ఎక్కితే, నీళ్ళు తేటగా ఉంటే సోడా, తేటగా లేకపోతే ఉప్పు. రంగు అసలు ఎక్కకపోతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనట్టే. నిన్న రంగు ఎక్కలేదు. తొట్టి పాపం చేతులు కట్టుకుని కూర్చుని, ఆ తర్వాత కడిగేసింది.

"మాట్లాడేటప్పుడు అందరం అన్నిటికీ లేకపోతే అనే అంటాం. కాదనను" అంది పెద్దమ్మ. "కానీ రంగు దగ్గర అలా రాస్తే సరుకంతా నీళ్ళపాలే. నాకు పని నేర్పిన పాత మేస్త్రి మొదటిరోజే చెప్పాడు, ఏ ‘తే’కి ఆ ‘పోతే’ రాయాలి అని. ఎక్కితేకి ఎక్కకపోతే. ఉంటేకి లేకపోతే. అయితేకి కాకపోతే. ఎంత దూరాన ఉన్నా దేని జత దానికి తెలుస్తుంది. తప్పు రాస్తే వేళ్ళమీద కొట్టేవాడు."

ఈ చిక్కు చిటికెకి కొత్తది కాదు. షరతులో షరతు పెడితే ‘లేకపోతే’ ఎవరిదో తెలియని తంటా కంపైలర్లు రాసేవాళ్ళందరికీ ఉంటుందని చదువుకున్న రోజుల్లో పాఠంలోనే చెప్పారు. బ్రాకెట్లు పెట్టుకోవాలి, దగ్గరిదానికి ఇచ్చెయ్యాలి అని పాఠం. పెద్దమ్మ భాషలో ఆ తంటాయే లేదు! క్రియలోనే జత దాగుంది. లేని చిక్కుని తానే చేజేతులా తెచ్చిపెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు... నువ్వు..." వంగి ఆవిడ బుగ్గమీద ముద్దు పెట్టింది.

"చాల్లే, పని చూడు."

ఒకే పేరు కింద ఉన్న ఐదింటినీ విడదీసి దేని క్రియకి దాన్ని జత చేసింది. మీట నొక్కింది. నాలుగు సెకన్లు. ‘ఐదుచోట్ల ఘర్షణ.’

"ఒకటి పోయి ఐదొచ్చాయేం?" అంది పెద్దమ్మ.

చిటికె జుట్టు పీక్కుంది. కాసేపటికి అర్థమైంది. "ఎక్కితే లోపల మళ్ళీ ఇంకో ఎక్కితే వస్తే? అప్పుడు ఎక్కకపోతే ఎవరిది? లోపలిదా, బయటిదా? అది అడుగుతోంది. ఐదు క్రియలు కదా, ఐదు గొడవలు."

"ఎక్కితేలో ఎక్కితే నేనెందుకు రాస్తాను? ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకి ఒకే పేరు పెడతామా? పిలిస్తే ఎవరు పలకాలి?"

"ఎప్పుడూ రాయలేదా? వెయ్యీ నూటనలభై రంగుల్లో?"

"ఒక్కదాంట్లో చూపించు, ఈ ఉద్యోగం నేనే మానేస్తాను."

చిటికె వెతికింది. ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ చెయ్యి తప్పలేదు. అదీ ఒక సూత్రమే అన్నమాట, ఎవరూ రాయని సూత్రం: లోపల ఉన్న షరతు, బయట తెరిచి ఉన్న షరతు మాట వాడకూడదు. దాన్ని వ్యాకరణంలో పెట్టాలంటే ఏ మాటలు తెరిచి ఉన్నాయో బట్టి ముప్పైరెండు రకాల వాక్యాలు విడివిడిగా రాయాలి. చేత్తో అయితే తెల్లారిపోతుంది. చిటికె ఒక్కసారి నమూనా రాసి ముప్పైరెండూ కంప్యూటరు చేతే రాయించింది. మీట నొక్కింది.

ఆరు సెకన్లు పట్టింది ఈసారి. అడుగున వరస వచ్చింది: ‘ఘర్షణలు లేవు.’

ఆ గదిలో కేక విని తొట్ల దగ్గర పనివాళ్ళు ఏం కాలిందోనని పరిగెత్తుకొచ్చారు. మధ్యాహ్నం తడి ఇటుక మళ్ళీ వేశారు. తొట్టి ఆగింది, చూసింది, రంగు ఎక్కలేదని గ్రహించి ఉప్పు వేసుకుంది. ఇటుక తడిగా వచ్చింది. పెద్దమ్మ చిలపని చెంపకి ఆనించుకుంది. కొత్త వ్యాకరణంతో పదకొండు పుస్తకాలూ మొదటినుంచి మళ్ళీ చదివించాలన్న ఆలోచన చిటికెకి రాలేదు. వచ్చేసరికి కార్ఖానా తలుపులు మూస్తున్నారు.

శుక్రవారం పదకొండింటికి మేనేజరు చేతిలో చిన్న డబ్బాతో వచ్చాడు. అందులో ఒక దారపు ముక్క ఉంది. నీలమూ కాదు, ఊదా కాదు, వెలుగులో తిప్పితే పచ్చగా మెరిసే బూడిద రంగు.

"పావురాయి మెడ" అన్నాడు. "ఇరవైరెండేళ్ళ కిందట మొదటిసారి తీసినప్పటి ముక్క. ఆ తర్వాత ఎన్నిసార్లు తీసినా ఇలా రాలేదు. కొన్నవాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు. మీ పుస్తకం అంత గొప్పదైతే ఇది తీసి చూపించండి."

మనుషులకే రాని రంగు తొట్టికి ఎలా వస్తుంది? చిటికె పెద్దమ్మ వైపు చూసింది. ఆ రంగు ఎందుకు రావడం లేదో ఆవిడకీ తెలియదు. నీళ్ళు మారాయని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది.

వేరే దారి లేదు. మూడో పుస్తకం తెరిచి పావురాయి మెడని తొట్టికి పంపింది చిటికె. తొట్టి నీళ్ళు పట్టలేదు. కాచలేదు. తెరమీద ఒక ఎర్ర వరస వచ్చింది:

‘నాలుగో వరసలో "లేకపోతే" ఉంది. దీని "ఉంటే" ఎక్కడ?’

"ఆగిపోయిందా?" అన్నాడు మేనేజరు. "పనిచెయ్యలేదన్నమాట." ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే బాధపడ్డాడు. అది ఇంకా ఘోరంగా అనిపించింది చిటికెకి. "ఒక్క నిమిషం సార్, చి..." అనబోయి నాలుక కరుచుకుంది.

పెద్దమ్మ మాత్రం తెర దగ్గరికి వచ్చింది. వంగి నాలుగో వరస చదివింది. ‘రంగు ఎక్కితే సోడా వెయ్యి, లేకపోతే పది నిమిషాలు ఆగు.’ మళ్ళీ చదివింది. పెదాలు కదిపి మూడోసారి చదివింది.

"ఇది నేను రాశానా?"

"నీ చెయ్యే పెద్దమ్మా. నేను అక్షరం మార్చలేదు."

"ఎక్కకపోతే అని కదా ఉండాలి? లేకపోతే అని ఎందుకు రాస్తాను..." కళ్ళు మూసుకుంది. అంతలో ఆవిడ నుదుటిమీద ఠపీమని కొట్టుకుంది. "సోడా! ఆ రోజు సోడా అయిపోయింది! రాస్తూ ఉండగా మనిషిని కొట్టుకి తరిమాను. తొట్టి దగ్గరున్నవాడు ఏం చెయ్యమంటారు అని నెత్తిమీద నిలబడ్డాడు. సోడా లేకపోతే పది నిమిషాలు ఆగు, తెస్తున్నారు అని వాడికోసం రాశాను. అది రంగుకి సంబంధించిన మాటే కాదు!"

"మరి ఎక్కకపోతే?" అంది చిటికె.

"ఎక్కకపోతే రెండు కిలోలు ఉప్పు వెయ్యాలి. నేనే వేశాను ఆ రోజు, నా చేత్తో. ఆ గొడవలో పడి రాయడం మర్చిపోయాను."

ఇరవైరెండేళ్ళు. ఇన్నేళ్ళూ చదివినవాళ్ళందరూ ఆ లేకపోతేని ఎక్కకపోతే అనుకుని, ఉప్పు వెయ్యకుండా, బుద్ధిగా పది నిమిషాలు ఆగి ముందుకెళ్ళారు. పెద్దమ్మ కూడా ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పిందో. రాసినవాళ్ళు తాము రాసింది చదవరు, గుర్తు చేసుకుంటారు. మొన్నటి వ్యాకరణంతో అయితే చిటికె తొట్టి కూడా నోరెత్తకుండా ఆగి ఊరుకునేది.

పెద్దమ్మే కూర్చుని రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వరస సరిచేసింది. తొట్టి నీళ్ళు పట్టింది. గంటన్నర ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. మేనేజరుకి ఫోను రెండుసార్లు మోగింది, కట్ చేశాడు.

చిలప బయటికి వచ్చింది. పెద్దమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తడి పిండేసి వెలుగులో తిప్పింది. పచ్చగా మెరిసింది. మేనేజరు డబ్బాలోంచి ముక్క తీసి పక్కన పెట్టాడు. రెండింటిలో పాతదేదో కొత్తదేదో తడి చూసి చెప్పాల్సిందే.

చిటికె కేక పెట్టబోయింది గానీ పెద్దమ్మని చూసి ఆగింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"రంగు వచ్చిందని కాదే" అంది పెద్దమ్మ ముక్కు చీదుకుని. "ముప్పై ఏళ్ళు రాశాను. అందరూ అలాగే మేస్త్రిగారూ అని తలూపారు. ఇదేమిటి, ఇలా ఎందుకు రాశారు అని నన్ను అడిగింది ఇదొక్కటే."

మేనేజరు పుస్తకాల వైపు చూశాడు. "మిగతా పుస్తకాల్లో కూడా ఇలాంటివి ఉంటాయా?"

చిటికె పదకొండు పుస్తకాలూ ఒకేసారి కొత్త వ్యాకరణానికి ఇచ్చింది. ఎర్ర వరసలు ఒకదాని కింద ఒకటి తెర నిండా దిగాయి. అరవైమూడు. ప్రతిదీ ఒక ప్రశ్న. దీని ‘అయితే’ ఎక్కడ? దీని ‘వస్తే’ ఏది?

"వీటికి జవాబులు ఎవరు చెబుతారు?" అన్నాడు మేనేజరు. అడిగాక తన ప్రశ్న తనకే వినపడింది. చిన్నగా నవ్వి, ఫోను తీసి, యజమానులకి కలిపాడు. "ఆ రెడీమేడ్ రంగులు మూడొందలూ వెనక్కి పంపించెయ్యండి సార్" అంటూ బయటికి నడిచాడు.

పెద్దమ్మ అది వినలేదు. అప్పటికే కుర్చీ తెరకి దగ్గరగా లాక్కుని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

"ఊఁ, మొదటిది చదువు" అంది.